వైదొలగాలంటే ఒక్క సంతకం చాలునా?

ఆయిల్ పామ్ గెలల ధర పడిపోయినప్పుడల్లా ఏలూరు జిల్లా పెదవేగి పరిసరాల్లోనూ, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట వైపునా ఒక ప్రశ్న వినిపిస్తుంది. మలేసియా, ఇండొనేసియాల నుంచి నూనె వచ్చి పడుతున్నందువల్లే కదా మనకీ గతి, ఆ దేశాలతో చేసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నుంచి బయటకు వచ్చేస్తే సరిపోదా అన్నదే ఆ ప్రశ్న. ప్రశ్న సూటిగానే ఉంది. జవాబు మాత్రం అంత సూటిగా లేదు. ఒప్పందం నుంచి వైదొలగే అధికారం ఎవరిది? ప్రభుత్వాధినేతదా, చట్టసభదా? ఒప్పందం పోయిన మరునాడు సుంకాలు వాటంతట అవే పెరుగుతాయా? కోర్టులు జోక్యం చేసుకుంటాయా?

ఈ ప్రశ్నలన్నీ ఒకచోట చేరి తీవ్ర వివాదంగా మారింది ఉత్తర అమెరికాలో. అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య 1994 జనవరి 1న అమల్లోకి వచ్చిన నాఫ్టా ఒప్పందాన్ని రద్దు చేస్తామన్న హెచ్చరికలు అక్కడ ఏళ్ల తరబడి సాగాయి. ఆ కథ కొంత తెలిస్తే మన గెలల ధర సంగతి కూడా మరికొంత తేటపడుతుంది.

ఆరు నెలల నోటీసు

నాఫ్టా వేల పుటల ఒప్పందం. అందులో వైదొలగే సంగతి మాత్రం రెండు వాక్యాల్లో ముగిసిపోయింది. 2205వ అధికరణం ప్రకారం ఏ దేశమైనా మిగతా ఇద్దరికీ రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, ఆరు నెలలు గడిచాక వైదొలగవచ్చు. మిగిలిన దేశాల మధ్య ఒప్పందం కొనసాగుతుంది. కారణం చెప్పనక్కర్లేదు, పరిహారం ఇవ్వనక్కర్లేదు.

అయితే ఆ నోటీసు మీద సంతకం చేయవలసింది ఎవరన్నది ఒప్పందంలో లేదు. ఉండదు కూడా. అంతర్జాతీయ ఒప్పందం దేశాన్ని ఒక వ్యక్తిగానే చూస్తుంది. ఇంటి యజమాని సంతకం పెట్టాడా, ఇంటిల్లిపాదీ కూర్చుని తీర్మానించారా అన్నది ఆ ఇంటి వ్యవహారం. అమెరికా ఇంటి వ్యవహారమే ఇక్కడ చిక్కుముడి అయింది.

అమెరికా రాజ్యాంగం ప్రకారం విదేశాలతో సంధులు కుదుర్చుకునేది అధ్యక్షుడు. అందుకు సెనెట్‌లో మూడింట రెండొంతుల మంది ఆమోదం కావాలి. విదేశీ వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం, సుంకాలు విధించే అధికారం మాత్రం కాంగ్రెస్‌వి. ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, ప్రతినిధుల సభ, సెనెట్ కలిసిన అక్కడి చట్టసభ. ఇక సంధి నుంచి బయటకు రావడమెలాగన్న విషయంలో రాజ్యాంగం ఒక్క ముక్క కూడా చెప్పలేదు. 1787లో రాజ్యాంగం రాసినవారు ప్రవేశ ద్వారం గురించి అంతగా చర్చించి, నిష్క్రమణ ద్వారాన్ని ఎందుకు మరచిపోయారో తెలియదు.

నాఫ్టా ఆ పాత పద్ధతిలో ఆమోదం పొందిన సంధి కూడా కాదు. ఉభయ సభలూ సాధారణ మెజారిటీతో చట్టం చేసి ఆమోదించిన ఒప్పందం. 1993 నవంబరు 17న ప్రతినిధుల సభలో 234-200 ఓట్లతోనూ, మూడు రోజుల తర్వాత సెనెట్‌లో 61-38 ఓట్లతోనూ గట్టెక్కింది. సెనెట్‌లో మూడింట రెండొంతులు కావాల్సి వస్తే నాఫ్టా అప్పుడే వీగిపోయేదని గమనించాలి. కాబట్టి వాదన ఇలా మొదలైంది. చట్టంతో వచ్చినది చట్టంతోనే పోవాలి కదా? కాంగ్రెస్ చేసిన చట్టాన్ని అధ్యక్షుడు ఒక ఉత్తరంతో ఎలా రద్దు చేస్తారు?

నూట అరవై ఏళ్ల నాటి ఉదాహరణ

దీనికి పాత దృష్టాంతం ఒకటుంది. 1854లో అమెరికాకూ, అప్పటికి బ్రిటిష్ పాలనలో ఉన్న కెనడా ప్రాంతాలకూ మధ్య పరస్పర వాణిజ్య సంధి కుదిరింది. ధాన్యం, కలప, చేపలు, బొగ్గు వంటి సరకులు సుంకం లేకుండా సరిహద్దు దాటేవి. పదేళ్లు గడిచాక ఏ పక్షమైనా ఏడాది నోటీసుతో తప్పుకోవచ్చన్నది షరతు. అంతర్యుద్ధ కాలంలో బ్రిటన్ దక్షిణాది తిరుగుబాటు రాష్ట్రాల పక్షాన మొగ్గిందన్న కోపం, కెనడా తమ కర్మాగారాల సరకుపై సుంకాలు పెంచిందన్న ఫిర్యాదు కలిసి ఆ సంధి కొంపముంచాయి. 1865 జనవరిలో కాంగ్రెస్ ఉభయ సభలూ సంధిని ముగించాలని సంయుక్త తీర్మానం చేశాయి. లింకన్ ప్రభుత్వం మార్చిలో నోటీసు ఇచ్చింది. 1866 మార్చి 17న సంధి ముగిసింది.

అంటే ఆనాడు చట్టసభ చెప్పింది, అధ్యక్షుడు నోటీసు పంపారు. ఇద్దరి చేతులూ కలిశాయి కాబట్టి ఎవరి అధికారమెంత అన్న ప్రశ్నే రాలేదు. దాని పర్యవసానం మరోచోట కనిపించింది. పెద్ద మార్కెట్ చేజారిన కెనడా ప్రాంతాలు తమలో తాము ఏకం కావాలన్న ఆలోచనకు ఊపు వచ్చింది. 1867లో కెనడా సమాఖ్య ఏర్పడటానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటని చరిత్రకారులు చెబుతారు.

నోటీసు వేరు, సుంకం వేరు

నాఫ్టా వివాదంలో అసలు కీలకం ఇదే. వైదొలగడం అన్న ఒక్క మాటలో రెండు పనులు ఇమిడి ఉన్నాయి. మొదటిది, ఇక మీకిచ్చిన మాటకు మేము కట్టుబడబోమని పొరుగు దేశాలకు తెలియజేయడం. రెండోది, ఆ మాట నిలబెట్టుకోవడానికి స్వదేశంలో చేసుకున్న చట్టాలను, తగ్గించిన సుంకాలను వెనక్కు తిప్పడం. మొదటి పని ఉత్తరంతో అవుతుంది. రెండో పని ఉత్తరంతో అవుతుందా?

అధ్యక్షుడి అధికారాన్ని సమర్థించేవారు 1974 నాటి వాణిజ్య చట్టంలోని 125వ సెక్షన్‌ను చూపిస్తారు. ఆ చట్టం కింద కుదిరిన ప్రతి వాణిజ్య ఒప్పందమూ తగిన నోటీసుతో రద్దుకు, లేదా వైదొలగడానికి వీలున్నదై ఉండాలని అది చెబుతుంది. సుంకాలకు సంబంధించి తాను చేసిన ప్రకటనలను అధ్యక్షుడు ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చని కూడా అంటుంది. నాఫ్టా అమలు చట్టం 109వ సెక్షన్ ప్రకారం ఏ దేశమైనా నాఫ్టా సభ్యదేశం కాకుండా పోతే, చట్టంలోని కొన్ని సెక్షన్లు ఆ దేశం విషయంలో పనిచేయడం మానేస్తాయి. ఇంకేం కావాలి అన్నది వీరి మాట. పీటర్సన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన గ్యారీ హఫ్‌బౌవర్ 2016లోనే ఈ అభిప్రాయం వెల్లడించారు.

ఎదుటి పక్షం అదే సెక్షన్లను మరో విధంగా చదువుతుంది. పనిచేయడం మానేసే సెక్షన్ల జాబితాలో సుంకాలకు సంబంధించిన 201వ సెక్షన్ లేదు. అంటే నోటీసు ఇచ్చి ఆరు నెలలు గడిచి, నాఫ్టా చరిత్రలో కలిసిపోయినా, మెక్సికో సరకుపై సున్నా సుంకం చట్టంలో అలాగే ఉండిపోవచ్చు. పైగా 125వ సెక్షన్ ప్రకారం ఒప్పందం ముగిసినా, అధ్యక్షుడు ప్రత్యేకంగా ప్రకటించకపోతే తగ్గించిన సుంకాలు ఏడాదిపాటు కొనసాగుతాయి. తర్వాత ఎంత సుంకం ఉండాలో అరవై రోజుల్లో కాంగ్రెస్‌కు సిఫార్సు పంపాలి. ఆ సిఫార్సు ఎవరికి? కాంగ్రెస్‌కే కదా! అధ్యక్షుడి అధికారాలను విస్తృతంగా సమర్థిస్తాడని పేరుపడ్డ న్యాయ ఆచార్యుడు జాన్ యూ సైతం, జూలియన్ కూతో కలిసి రాసిన వ్యాసంలో, నాఫ్టాను ఏకపక్షంగా రద్దు చేసే హక్కు అధ్యక్షుడికి లేదని 2016 నవంబరులో వాదించారు.

దీనికి తోడు ఇంకొక ముడి. నాఫ్టా రాకముందు అమెరికా, కెనడాల మధ్య 1989 నుంచి వేరే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉండేది. నాఫ్టా రాగానే దాన్ని రద్దు చేయలేదు, పక్కన పెట్టారు. నాఫ్టా పోతే అది లేచి కూర్చుంటుందా? అదీ వద్దనుకుంటే మరో ఆరు నెలల నోటీసు ఇవ్వాలి.

కాంగ్రెస్ తలచుకుంటే స్పష్టంగా రాసుకోగలదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినప్పుడు ప్రతి ఐదేళ్లకు ఒకసారి సభ్యత్వం కొనసాగాలా వద్దా అని ఓటు కోరే వీలును చట్టంలోనే పెట్టుకుంది. 2000లో వైదొలగాలన్న తీర్మానానికి ప్రతినిధుల సభలో 56 ఓట్లు, 2005లో 86 ఓట్లు వచ్చాయి. రెండుసార్లూ చిత్తుగా ఓడిపోయింది. నాఫ్టా విషయంలో మాత్రం ఇంత స్పష్టమైన ఏర్పాటు చేసుకోలేదు.

కోర్టులు తప్పుకున్న తీరు

ఇటువంటి వివాదాలను తేల్చడానికే కదా న్యాయస్థానాలున్నవి అనుకుంటాం. ఈ విషయంలో అమెరికా కోర్టులు చేతికి తడి అంటకుండా తప్పుకున్నాయి.

1978 డిసెంబరులో అధ్యక్షుడు కార్టర్ చైనాను గుర్తిస్తూ, తైవాన్‌తో ఉన్న రక్షణ సంధిని ఏడాది నోటీసుతో ముగిస్తున్నట్లు ప్రకటించారు. సెనెట్ అనుమతి తీసుకోలేదంటూ సెనెటర్ బ్యారీ గోల్డ్‌వాటర్ తదితరులు కోర్టుకెక్కారు. జిల్లా న్యాయస్థానంలో గోల్డ్‌వాటర్ గెలిచారు. అప్పీలు కోర్టులో కార్టర్ గెలిచారు. 1979 డిసెంబరు 13న సుప్రీంకోర్టు కేసునే కొట్టివేసింది. ఇది రాజకీయ ప్రశ్న, న్యాయస్థానం తేల్చవలసింది కాదని నలుగురు న్యాయమూర్తులు అన్నారు. కాంగ్రెస్ సంస్థాగతంగా అధ్యక్షుడితో తలపడినప్పుడు చూద్దాం, కొందరు సభ్యులు వస్తే కాదని జస్టిస్ పావెల్ వేరుగా రాశారు. ఆ విధంగా సంధి ముగిసిపోయింది, ప్రశ్న మిగిలిపోయింది.

నాఫ్టాపైనా ఒక వ్యాజ్యం నడిచింది. సెనెట్‌లో మూడింట రెండొంతుల మెజారిటీ లేకుండా ఆమోదించినందున ఒప్పందమే చెల్లదని ఉక్కు కార్మికుల సంఘం, మేడ్ ఇన్ ద యూఎస్‌ఏ ఫౌండేషన్ దావా వేశాయి. 2001 ఫిబ్రవరిలో పదకొండో సర్క్యూట్ అప్పీలు కోర్టు అది కూడా రాజకీయ ప్రశ్నేనని తోసిపుచ్చింది. చేరడం సరైనదో కాదో తేల్చనివారు, వైదొలగడం సంగతి తేలుస్తారా?

అయితే ఒక తేడా ఉంది. తైవాన్ సంధి రద్దుతో ఫలానా వ్యాపారికి ఇంత నష్టమని చూపడం కష్టం. సుంకం పడితే దిగుమతిదారుడి చేతిలో రసీదు ఉంటుంది. సుంకం కట్టినవాడు కోర్టుకు వెళ్తే, ఇది రాజకీయ ప్రశ్న అని పంపేయడం న్యాయమూర్తులకు అంత తేలిక కాదు. అది ఊహ కాదని తర్వాత రుజువైంది కూడా. 2025లో అధ్యక్షుడు ట్రంప్ అత్యవసర అధికారాల చట్టం కింద పలు దేశాలపై వేసిన సుంకాలను చిన్న వ్యాపారులు సవాలు చేశారు. అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం మే 28న, అప్పీలు కోర్టు ఆగస్టు 29న వాటిని చెల్లవన్నాయి. 2026 ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు కూడా 6-3 మెజారిటీతో ఆ చట్టం సుంకాలు వేసే అధికారం ఇవ్వదని తేల్చింది.

మాట ఇవ్వడం తేలిక

నాఫ్టాను వదిలేస్తామన్న మాట ట్రంప్‌తో పుట్టలేదు. ఆయన పార్టీకే పరిమితమూ కాదు. 2008 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో జరిగిన చర్చలో బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్ ఇద్దరూ నాఫ్టాను తిరగరాయకపోతే వైదొలగుతామన్న హెచ్చరికను అస్త్రంగా వాడతామన్నారు. కర్మాగారాలు మూతపడ్డ రాష్ట్రంలో ఓట్లు అడుగుతున్నప్పుడు అలా అనక తప్పదు. ఒబామా గెలిచి ఎనిమిదేళ్లు పాలించారు. నోటీసు ఇవ్వలేదు.

కెనడాలో అయితే 1988 ఎన్నికలు మొత్తం ఈ అంశం మీదే జరిగాయి. అమెరికాతో కుదిరిన ఒప్పందాన్ని చించివేస్తానని లిబరల్ నాయకుడు జాన్ టర్నర్ ఊరూరా చెప్పారు. ప్రధాని మల్‌రోనీ 295 స్థానాల్లో 169 గెలిచి ఒప్పందాన్ని నిలబెట్టుకున్నారు. 1993లో అదే లిబరల్ పార్టీ అధికారంలోకి వచ్చాక నాఫ్టాను అమలు చేసింది. మెక్సికోలోనూ అసంతృప్తి ఉంది. మొక్కజొన్న, చిక్కుళ్లపై చివరి సుంకాలు 2008 జనవరి 1న తొలగిపోగానే, ఆ నెలాఖరున వేలాది రైతులు రాజధానిలో కదం తొక్కారు. అమెరికా సబ్సిడీ మొక్కజొన్నతో తమ చిన్న కమతాలు పోటీ పడలేవన్నది వారి గోడు. ఒకే ఒప్పందం వల్ల మోసపోయామని అమెరికా కార్మికుడూ, మెక్సికో రైతూ ఏకకాలంలో వాపోవడం విచిత్రంగా తోచవచ్చు. ఇద్దరి మాటలోనూ నిజముంది. లాభం వేరేచోటికి చేరింది.

మ్యాపు, మాయమైన ఉత్తరం

2016 ఎన్నికల్లో నాఫ్టాను దుయ్యబట్టి గెలిచిన ట్రంప్, 2017 జనవరి 23న పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం టీపీపీ నుంచి తప్పుకున్నారు. అది సులువైన పని. సంతకమైందే తప్ప కాంగ్రెస్ ఆమోదం పొందలేదు కాబట్టి రద్దు చేయడానికి చట్టమే లేదు. నాఫ్టా అలా కాదు. ఏప్రిల్ చివరి వారంలో వైదొలగే ఉత్తర్వు ముసాయిదా సిద్ధమైందని వార్తలు పొక్కాయి. అప్పుడే బాధ్యతలు చేపట్టిన వ్యవసాయ మంత్రి సన్నీ పెర్డ్యూ ఒక మ్యాపు పట్టుకుని అధ్యక్షుడిని కలిశారు. నాఫ్టా పోతే దెబ్బతినే పంట ప్రాంతాలు, పరిశ్రమల ప్రాంతాలు అందులో ఉన్నాయి. వాటిలో చాలా భాగం ట్రంప్‌కు ఓటేసిన ప్రాంతాలే. అమెరికా మొక్కజొన్నకు మెక్సికో అతి పెద్ద కొనుగోలుదారు మరి. మెక్సికో, కెనడా అధినేతలతో ఫోన్ సంభాషణల తర్వాత, ఇప్పటికి రద్దు లేదు, చర్చలే అని ట్రంప్ ప్రకటించారు.

న్యాయ పండితులు రాజ్యాంగాన్ని తిరగేస్తుండగా, నాఫ్టాను ఆ రోజు కాపాడింది రాజ్యాంగం కాదు, ఒక మ్యాపు.

అదే ఏడాది సెప్టెంబరులో దక్షిణ కొరియాతో ఉన్న ఒప్పందం వంతు వచ్చింది. 2012 మార్చిలో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం 180 రోజుల నోటీసుతో ముగుస్తుంది. సంతకానికి సిద్ధం చేసిన ఉత్తరాన్ని ఆర్థిక సలహాదారు గ్యారీ కోన్ అధ్యక్షుడి బల్ల మీద నుంచి తీసేశారని పాత్రికేయుడు బాబ్ వుడ్‌వర్డ్ 2018లో వెలువరించిన ‘ఫియర్’ గ్రంథంలో రాశారు. అప్పుడే, సెప్టెంబరు 3న, ఉత్తర కొరియా అణు పరీక్ష జరిపింది. మిత్రదేశంతో వాణిజ్య కలహానికి అది తగిన వేళ కాదన్నది సలహాదారుల భయం. కొరియా ఒప్పందం సవరణలతో బతికింది. కోట్లాది మంది జీవనోపాధి ముడిపడిన ఒప్పందం ఒక కాగితం కనిపించడం, కనిపించకపోవడం మీద ఆధారపడిందంటే, ఎవరికి అధికారముందన్న ప్రశ్నను తేల్చకుండా వదిలేయడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

నాఫ్టా చర్చలు 2017 ఆగస్టులో మొదలై, 2018 నవంబరు 30న బ్యూనస్ ఎయిరిస్‌లో కొత్త ఒప్పందం యూఎస్‌ఎంసీఏపై సంతకాలతో ముగిశాయి. మరునాడే ట్రంప్ కాంగ్రెస్‌కు మరో హెచ్చరిక చేశారు. నాఫ్టా రద్దుకు త్వరలో నోటీసు ఇస్తాననీ, ఆరు నెలల్లో కొత్త ఒప్పందాన్ని ఆమోదిస్తారో, రెండూ లేకుండా ఉంటారో తేల్చుకోండనీ అన్నారు. ఈసారి నోటీసు గురి పొరుగు దేశాలు కాదు, సొంత చట్టసభ. నాఫ్టా పోతే మెక్సికో తన ప్రపంచ వాణిజ్య సంస్థ హామీల పరిధిలో సగటున సుమారు 36 శాతం దాకా సుంకాలు వేయగలదు. అమెరికా సగటు సుంకం మూడున్నర శాతం దరిదాపుల్లో ఉన్నా, మెక్సికోలో తయారైన పికప్ ట్రక్కులపై 25 శాతం పడుతుంది. ఆ 25 శాతం చరిత్ర ముచ్చటైనది. తమ కోడిమాంసంపై ఐరోపా దేశాలు సుంకం వేశాయన్న కోపంతో అమెరికా 1964లో మొదలుపెట్టింది. కోడి గొడవ ఎప్పుడో ముగిసింది, ట్రక్కు సుంకం నిలిచిపోయింది.

నోటీసు ఇవ్వనే లేదు. డెమోక్రాట్లు కార్మిక, ఔషధ నిబంధనలు మార్పించుకుని ఒప్పుకున్నారు. 2019 డిసెంబరు 19న ప్రతినిధుల సభ 385-41తో, 2020 జనవరి 16న సెనెట్ 89-10తో ఆమోదించాయి. జులై 1న కొత్త ఒప్పందం అమల్లోకి రావడంతో నాఫ్టా స్థానంలో అది నిలిచింది. అధ్యక్షుడు ఒంటరిగా వైదొలగగలరా అన్న ప్రశ్నకు కోర్టు నుంచి జవాబు రాకుండానే పాతది గతించింది.

కొత్తదానిలోనూ 34.6 అధికరణం కింద ఆరు నెలల నోటీసు అలాగే ఉంది. అదనంగా కాలపరిమితి చేరింది. పదహారేళ్లకు, అంటే 2036 జులై 1న, ఒప్పందం ముగుస్తుంది. ఆరో ఏట, 2026 జులై 1న, మూడు దేశాలూ సంయుక్తంగా సమీక్షించి పొడిగింపుపై తమ సమ్మతి చెప్పాలి. ఏ ఒక్కరు కాదన్నా ఏటేటా సమీక్షలు సాగుతాయి. నోటీసు ఇవ్వకుండానే తలుపు కొద్దిగా తెరిచి ఉంచే పద్ధతి ఇది. ఎవరు సంతకం పెట్టాలన్న వివాదాన్ని తప్పించుకునే మార్గం కూడా. దీర్ఘకాలం పెట్టుబడి పెట్టే కర్మాగారానికి మాత్రం ఏటా తేలని సమీక్ష కంటే కచ్చితమైన నోటీసే నయమనిపిస్తుంది.

ఇతర దేశాల్లో

ఇదే ప్రశ్నకు వేరేచోట్ల కోర్టులు సమాధానం ఇచ్చాయి. ఐరోపా సమాజం నుంచి వైదొలగే నోటీసును పార్లమెంటు చట్టం లేకుండా ప్రభుత్వం ఇవ్వజాలదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2017 జనవరి 24న 8-3 మెజారిటీతో తీర్పు చెప్పింది. పౌరులకు స్వదేశీ చట్టం ద్వారా దక్కిన హక్కులు నోటీసుతో పోతాయి కాబట్టి, చట్టం చేసిన సభే వాటిని తీసివేయాలన్నది తర్కం. సరిగ్గా నాఫ్టా పక్షపాతులు అమెరికాలో చెప్పిన మాటే. ఆ మరుసటి నెలలో దక్షిణాఫ్రికా హైకోర్టు, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నుంచి తప్పుకుంటూ ప్రభుత్వం పంపిన నోటీసు పార్లమెంటు ఆమోదం లేనందున రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. కెనడాలో దీనికి విరుద్ధంగా జరిగింది. క్యోటో వాతావరణ ఒప్పందం నుంచి 2011 డిసెంబరులో ప్రభుత్వం ఏకపక్షంగా వైదొలగడం చెల్లుతుందని ఫెడరల్ కోర్టు 2012లో తీర్పిచ్చింది.

మన సంగతి

భారతదేశంలో ఈ పోరు తలెత్తడానికి ఆస్కారం తక్కువ. కారణం అధికారమంతా ఒకేచోట ఉండటమే. విదేశాలతో ఒప్పందాలు కేంద్ర జాబితాలోని 14వ అంశం. 73వ అధికరణం కింద వాటిని కేంద్ర ప్రభుత్వమే కుదుర్చుకుంటుంది, పార్లమెంటు ముందస్తు ఆమోదం అవసరం లేదు. ఒప్పందం ప్రకారం సుంకం తగ్గించడం కూడా కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద ప్రభుత్వ నోటిఫికేషన్ ద్వారా జరుగుతుంది. ఆసియాన్ దేశాలకు ఇచ్చే రాయితీలు 2011 జూన్ 1 నాటి నోటిఫికేషన్‌తోనే అమలవుతున్నాయి. అమెరికాలో నోటీసు ఒకరి చేతిలో, సుంకం మరొకరి చేతిలో ఉన్నాయి. ఇక్కడ రెండూ ఢిల్లీలో ఒకే ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. రాష్ట్రాల పాత్ర అంతకన్నా స్వల్పం. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉన్నా తమను సంప్రదించలేదని 2009లో ఆసియాన్ ఒప్పందంపై కేరళ ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం తెలిపింది. ఆ ఏడాది అక్టోబరు 2న అక్కడి వామపక్షాలు రాష్ట్రం పొడవునా మానవహారం నిర్మించాయి. ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

ఇక గెలల ధరకు వద్దాం. ఆసియాన్ ఒప్పందంలో పామాయిల్‌పై సుంకాన్ని పూర్తిగా ఎత్తివేయలేదు. గరిష్ఠ పరిమితి మాత్రం పెట్టారు. ముడి పామాయిల్‌పై 80 శాతం నుంచి 37.5 శాతానికి, శుద్ధి చేసిన నూనెపై 90 నుంచి 45 శాతానికి అంచెలంచెలుగా దిగిరావాలి. చివరి మెట్టు 2020 జనవరిలో వచ్చింది. అంటే నేటికీ 37.5 శాతం వరకు సుంకం వేసుకోవడానికి ఒప్పందం అడ్డు రాదు. అయినా వేస్తున్నదెంత? వినియోగదారుకు నూనె ధర మండుతోందని 2008లో కేంద్రం సుంకాన్ని సున్నా చేసింది. ఆసియాన్ ఒప్పందం అమల్లోకి రాకముందే. 2021 అక్టోబరులో మళ్లీ మూల సుంకాన్ని సున్నా చేసింది. 2024 సెప్టెంబరులో 20 శాతానికి పెంచింది, 2025 మే 30న 10 శాతానికి తగ్గించింది. సెస్సులు కలుపుకున్నా ఇది ఒప్పంద పరిమితిలో సగం కూడా కాదు.

కాబట్టి ఒప్పందం నుంచి బయటపడితే ధర పెరుగుతుందన్న మాటలో ఒక మెలిక ఉంది. ఒప్పందం పోతే తొలగేది పై పరిమితి మాత్రమే. ఆ పరిమితిని ప్రభుత్వం ఇప్పటికే తాకడం లేదు. నూనె కొనే కోట్ల మందికీ, గెల అమ్మే రైతుకూ మధ్య ఎటు మొగ్గాలన్నది కేంద్రం నోటిఫికేషన్‌లో తీసుకునే నిర్ణయం. ఏ విదేశీ ఒప్పందమూ ఆ నిర్ణయం తీసుకోవడం లేదు. పరిమితి దండగ అని దీని అర్థం కాదు. ప్రపంచ ధరలు కుప్పకూలిన ఏడాది 60 శాతం వేయాలనుకుంటే అప్పుడు అడ్డొస్తుంది. అమెరికాలోనూ నాఫ్టా విలువ నేటి సుంకంలో కంటే రేపు పెంచబోమన్న హామీలోనే ఎక్కువగా ఉండేది.

ఆసియాన్ సరకుల ఒప్పందం పునఃసమీక్షకు ఉభయపక్షాల ఆర్థిక మంత్రులు 2023 ఆగస్టులో ఇండొనేసియాలోని సెమరాంగ్‌లో అంగీకారానికి వచ్చారు. పామాయిల్ పరిమితిని సవరించాలని కోరదలచిన రైతు సంఘాలకు అది ఒక వేదిక. అంతకంటే దగ్గరి మార్గం కస్టమ్స్ నోటిఫికేషనే. అలాంటి నోటిఫికేషన్లను పార్లమెంటు ముందు ఉంచవలసి ఉంటుంది, ఏలూరు, ఖమ్మం ఎంపీలు వాటిపై నోరు విప్పడానికి ఏ అధికరణమూ అడ్డుపడదు.